కడప లోపలి కుక్క: దారి చూపే కుక్కల పెంపకం, దక్షిణ తెలంగాణ

చూపులేని మనిషికి తోడుగా నడిచే కుక్కను తయారుచేయడంలో మొదటి ఏడాది పని శిక్షణ కేంద్రంలో జరగదు, సంసారం నడుస్తున్న ఒక మామూలు ఇంట్లో జరుగుతుంది. ఏడెనిమిది వారాల వయసులో తల్లి దగ్గర నుంచి తెచ్చిన కూనను ఒక కుటుంబం స్వచ్ఛందంగా తీసుకుంటుంది. దానికి ఏడాది దాటి పదిహేను, పదహారు నెలలు వచ్చేదాకా సాకి, తిరిగి సంస్థకు అప్పగిస్తుంది. జీతం ఉండదు, హక్కూ ఉండదు. కుక్క మొదటి నుంచి సంస్థదే. ఇలాంటి కుటుంబాలను అమెరికాలో 'పపీ రైజర్' అంటారు, బ్రిటన్‌లో చాలాకాలం 'పపీ వాకర్' అన్నారు. తెలుగులో స్థిరపడిన పేరు లేదు కనుక ఇక్కడ 'పెంపకపు కుటుంబం' అందాం. పేరే లేనప్పుడు వ్యవస్థ ఎక్కడిది? నల్లగొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల్లో దారి చూపే కుక్కలను ఇళ్లలో పెంచి ఇచ్చే ఏర్పాటు లేదు. దేశంలోనే అది వేళ్లూనలేదు. ఎందుకు లేదని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: మనవాళ్లు కుక్కను ఇంట్లోకి రానివ్వరు, రానిచ్చినా పెంచుకున్నదాన్ని వదులుకోలేరు, అంత ఖర్చూ తీరికా మన సంసారాలకు ఉండవు. అంటే తప్పంతా కుటుంబం మీద పెట్టడం. సాక్ష్యాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ జవాబు నిలవదు. ఈ ఎగువ నేలలో అసలు అడ్డంకి ఇల్లు కాదు, ఇంటి ముందరి వీధి.

కుక్కల చేత దారి చూపించే పద్ధతి ఒక ఏర్పాటుగా మొదలైంది మొదటి ప్రపంచ యుద్ధ కాలపు జర్మనీలో. యుద్ధంలో కళ్లు పోగొట్టుకున్న సైనికుల కోసం గెర్హార్ట్ స్టాలింగ్ అనే వైద్యుడు 1916లో ఓల్డెన్‌బర్గ్‌లో మొదటి శిక్షణ పాఠశాల తెరిచాడు. స్విట్జర్లాండ్‌లో జర్మన్ షెపర్డ్ కుక్కలను పెంచుతున్న డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ ఈ పాఠశాలల గురించి 1927లో ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాసింది. అది విన్న మోరిస్ ఫ్రాంక్ అనే చూపులేని యువకుడు నాష్‌విల్ నుంచి ఆమె దగ్గరికి వెళ్లి, 1928లో బడ్డీ అనే కుక్కతో తిరిగొచ్చాడు. మరుసటి ఏడాదే వారిద్దరూ 'ది సీయింగ్ ఐ' సంస్థను స్థాపించారు. బ్రిటన్‌లో తొలి కుక్కలు 1931లో తయారయ్యాయి. ఈ తొలి దశలో కుక్కలను ఎదిగాక ఎంపిక చేసి నేర్పేవారు, బాల్యం ఎక్కడ గడిచిందో పెద్దగా పట్టించుకోలేదు. కూనలను ఇళ్లకు ఇవ్వడం తర్వాతి ఆలోచన: అమెరికాలో సీయింగ్ ఐ 1942లో గ్రామీణ బాలబాలికల సంఘమైన ఫోర్-హెచ్ పిల్లలకు కూనలను అప్పగించింది, బ్రిటన్‌లో ఈ పథకం 1956లో వచ్చింది. అమెరికాలో ఈ పనిని మొదట ఎత్తుకున్నది నగరాల కులీన కుటుంబాలు కావు, దూడలనూ కోళ్లనూ పెంచి సంతలో చూపించే రైతుల పిల్లలు.

ఇల్లు ఎందుకు అంత ముఖ్యమో చెప్పింది దయాగుణం కాదు, లెక్క. కాలిఫోర్నియాలోని 'గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్' సంస్థలో క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ 1940లలో పని మొదలుపెట్టేనాటికి శిక్షణకు తీసుకున్న కుక్కల్లో పనికొచ్చేవి చాలా కొద్ది. అదే కాలంలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలలో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు కుక్కపిల్లల ఎదుగుదలను వారాల వారీగా గమనిస్తున్నారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు పిల్ల మనసు తెరిచిన తలుపులా ఉంటుందనీ, ఆ రోజుల్లో ఎవరిని, దేన్ని చూస్తే వాటినే తనవిగా భావిస్తుందనీ, ఆ తర్వాత కొత్తవన్నీ భయపెట్టడం మొదలవుతాయనీ వారు తేల్చారు. ఫాఫెన్‌బర్గర్, స్కాట్ కలిసి 1959లో వెలువరించిన పరిశీలన దీన్ని దారి చూపే కుక్కల మీదే చూపించింది. పన్నెండు వారాలకు పరీక్షలు ముగిసి, వారంలోపే ఇళ్లకు వెళ్లిన పిల్లల్లో దాదాపు 90 శాతం పనికొచ్చాయి. మూడు వారాలకు మించి దొడ్లోనే ఉండిపోయిన వాటిలో దాదాపు 30 శాతమే నెగ్గాయి. జాతి అదే, తిండి అదే, పరీక్షల్లో మార్కులూ అంతే. తేడా అల్లా కొన్ని వారాలు ఇంటికి దూరంగా ఉండటం. ఈ ఒక్క పరిశీలన చదివితే పెంపకపు కుటుంబాన్ని సంస్థకు ఖర్చు తగ్గించే ఉచిత కూలీగా చూడటం ఎంత తప్పో తెలుస్తుంది. కుటుంబం ఇచ్చేది సంస్థ తన దొడ్లో తయారుచేయలేనిది: కుక్కర్ విజిల్, పసిపిల్ల ఏడుపు, ముసలాయన దగ్గు, తలుపు దబాలున పడిన చప్పుడు, చుట్టాల రాకపోకలు.

కుటుంబం చేయాల్సిన పని చూడటానికి చిన్నది. చెప్పిన చోట, చెప్పిన వేళకు మలమూత్రాలకు వెళ్లడం, పళ్లెంలోకి మూతి పెట్టకపోవడం, మనుషుల మీదికి ఎగబడకపోవడం, తాడు లాగకుండా పక్కన నడవడం, గంటసేపు ఒకచోట కుదురుగా పడుకోవడం, పిలిస్తే రావడం: నేర్పాల్సినవి ఇవే. ఆ తర్వాత బజారు, బస్టాండు, మెట్లు, జనం, బ్యాండుమేళం అలవాటు చేయాలి. అడ్డంకులు తప్పించడం, తలకు తగిలే కొమ్మను గుర్తించడం, యజమాని "ముందుకు" అన్నా ఎదురుగా బండి వస్తుంటే కదలకుండా నిలబడటం (దీన్ని తెలివైన ధిక్కారం అనవచ్చు) శిక్షకులు తర్వాత కొన్ని నెలల్లో నేర్పేవి. రోడ్డు ఎప్పుడు దాటాలో నిర్ణయించేది మనిషే, కుక్క కాదు. సిగ్నల్ దీపాల రంగులు చూసి కుక్క నడిపిస్తుందన్నది సినిమా నమ్మకం. ఇంట్లో పెరిగిన పిల్లలన్నీ చివరిదాకా నెగ్గవు. ఆరోగ్యం వల్లో బెరుకు వల్లో గణనీయమైన భాగం మధ్యలో తప్పుకుంటాయి. ముద్దు ఎక్కువైనా చిక్కే. సీయింగ్ ఐ కూనల మీద ఎమిలీ బ్రే బృందం 2017లో వెలువరించిన అధ్యయనంలో, తల్లులు అతిగా సాకిన పిల్లలే తర్వాత శిక్షణలో ఎక్కువగా తప్పాయి. తల్లి పడుకుని పాలిస్తే పిల్లకు శ్రమ లేదు. నిలబడి పాలిస్తే పిల్ల ఎగిరి అందుకోవాలి. అలా అందుకున్న పిల్లలే ఎక్కువగా నెగ్గాయి. తల్లికుక్కల గురించి తేలినదాన్ని మనుషులకు నేరుగా అంటగట్టలేం గానీ, గారాబాన్ని అనుమానంగా చూసే మన నాయనమ్మలకు ఈ ఫలితం కొత్తగా తోచదు.

ఇక స్థలం సంగతి. 2016 పునర్వ్యవస్థీకరణలో పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత మహబూబ్‌నగర్ నాలుగైంది, 2019లో నారాయణపేటతో ఐదైంది. ఇక్కడి చూపు గురించి ఊహలు అక్కర్లేదు. 1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ గ్రామీణం ఒకటి; హైదరాబాదు, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు మిగతావి. మొత్తం 10,293 మందిని పరీక్షించి, ఉమ్మడి రాష్ట్రంలో 1.84 శాతం మంది అంధులని అంచనా వేశారు. ఆ అంధత్వంలో 44 శాతం శుక్లాల వల్ల, 16.3 శాతం కళ్లద్దాలతో సరిపోయే దృష్టిదోషం వల్ల. మొదటి గట్టి అభ్యంతరం ఇక్కడే పుడుతుంది: పదిమందిలో ఆరుగురికి ఒక చిన్న ఆపరేషనో అద్దాలో చూపు తెస్తుంటే కుక్కల ముచ్చట దేనికి? అభ్యంతరం న్యాయమైనదే. 2018 ఆగస్టు 15న మొదలైన కంటి వెలుగు పథకం వెనుక ఉన్న తర్కం కూడా అదే, ఆ డబ్బును కుక్కలకు మళ్లించమని ఎవరూ అడగకూడదు. కానీ అదే లెక్కను రెండో వైపు నుంచి చదవాలి. మిగిలిన నలుగురికి శుక్లాల శిబిరం ఏమీ ఇవ్వదు. నల్లగుడ్డు మచ్చపడ్డవారు, రెటీనా పాడైనవారు, నీటికాసులతో నరం ఎండిపోయినవారు, పుట్టుకతో చూపులేనివారు జీవితమంతా నడవాల్సినవారు. శుక్లాలు తగ్గేకొద్దీ మిగిలే అంధత్వంలో వీరి వాటా పెరుగుతూ పోతుంది. వైద్యం తన పని బాగా చేసినకొద్దీ నడక ప్రశ్న ముందుకొస్తుంది.

నడకకు తెల్లకర్ర చాలదా అన్నది రెండో అభ్యంతరం. చాలామందికి చాలు. అమెరికాలో కూడా చూపులేనివారిలో కుక్కతో నడిచేవారు రెండు శాతం దగ్గరే ఉంటారని అంచనా; ప్రపంచం మొత్తం మీద పనిలో ఉన్న కుక్కలు ఇరవై వేల పైచిలుకు. పైగా కర్రతో స్వతంత్రంగా నడవడం రానివారికి ఏ మంచి సంస్థా కుక్కను ఇవ్వదు, ఎందుకంటే దారి మనిషి తలలో ఉండాలి, కుక్క ఆ దారిలో అడ్డాలను మాత్రమే తప్పిస్తుంది. కనుక కర్రకు కుక్క పోటీ కాదు, కర్ర తర్వాతి మెట్టు. కర్ర చెప్పలేనిది ఒకటుంది: నడుము పైన ఉన్న అడ్డం. రోడ్డు మీదికి చాచిన దుకాణం రేకు, వంగిన తుమ్మకొమ్మ, లారీ వెనక నుంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు కర్రకు తగలవు, మొహానికి తగులుతాయి. నల్లగొండ బజారులో నడిచినవారికి ఇది వివరించనక్కర్లేదు.

పెంచినదాన్ని వదులుకోలేరన్న మాటకు వద్దాం. దూరదేశాల ఉదాహరణలు తేకుండా ఇక్కడి జీవాల పెంపకాన్ని చూస్తేనే ఇది తేలిపోతుంది. ఒకరి మేకనో బర్రెదూడనో మరొకరు 'పాలుకు' తెచ్చుకుని పెంచి, ఈనిన పిల్లల్లో వాటా పంచుకోవడం పల్లెల్లో పాత ఒప్పందం. జీవం ఒకరిది, సాకుడు మరొకరిది అన్న భావన ఇక్కడ ఎవరికీ వింత కాదు. మొక్కు జీవాల సంగతి ఇంకా దగ్గరిది. దేవుడి పేర కోడెను విడుస్తామనో మైసమ్మకు పోతును ఇస్తామనో మొక్కుకున్న ఇంట్లో, ఆ జీవాన్ని పిల్లలతో సమానంగా పెంచుతారు. పేరు పెట్టి పిలుస్తారు, మంచి మేత వేస్తారు. ఆ రోజు రాగానే ఇచ్చేస్తారు. ఇంట్లో పిల్లలు ఏడుస్తారు, పెద్దలు మొహం తిప్పుకుంటారు, అయినా ఇచ్చిన మాట వెనక్కి పోదు. ప్రేమ, అప్పగింత ఒకే ఏడాదిలో ఇమడగలవని ఈ కుటుంబాలకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. తేడాలు లేవని కాదు. పాలు ఒప్పందంలో వాటా దక్కుతుంది, మొక్కులో దైవం మీద భరోసా ఉంటుంది, కుక్కపిల్ల విషయంలో దక్కేది ముఖం తెలియని ఒక మనిషి నడక మాత్రమే. అందుకే విదేశీ సంస్థలు ఆ మనిషినీ కుటుంబాన్నీ ఒకచోట కలిపే రోజును జాగ్రత్తగా ఏర్పాటు చేస్తాయి. ఇంకో తేడా మనకు అనుకూలం: పోతు తిరిగి రాదు, కుక్క రావచ్చు. శిక్షణలో తప్పిన కుక్కను పెంచిన ఇంటికే ముందుగా ఇస్తామనే సంస్థలు చాలా ఉన్నాయి. ఏడెనిమిదేళ్లు పనిచేసి పదేళ్ల వయసులో విరమించిన కుక్కను కూడా, యజమాని ఉంచుకోలేనప్పుడు, తొలి కుటుంబాన్నే అడగడం పరిపాటి.

కుక్కను ఇంట్లోకి రానివ్వరన్న అభ్యంతరం దీనికన్నా బరువైనది. ఇక్కడ కుక్కకు చోటు లేదనడం తప్పు. గొల్ల కురుమల మందల వెంట నడిచే కుక్క లేకుండా ఈ నేలలో గొర్రెల పెంపకమే లేదు. కాలభైరవుడి వాహనం కుక్క. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచిందీ అదే. అయితే ఈ గౌరవమంతా కడప బయట. లోపలికి వస్తే మైల అన్న పట్టింపు చాలా హిందూ ఇళ్లలో ఉంది, కుక్క చొంగ తగిలితే బట్టలూ నమాజు చోటూ అపరిశుభ్రమవుతాయన్న నియమం ముస్లిం ఇళ్లలో ఉంది. వాకిట్లో కట్టేసి పెంచిన పిల్ల మాత్రం దారి చూపడానికి పనికిరాదు, ఫాఫెన్‌బర్గర్ లెక్క చెప్పింది అదే. ఇక్కడ ఇచ్చే జవాబు నిజాయితీగా ఉండాలి: అన్ని ఇళ్లూ రావు, రానక్కర్లేదు. నమ్మకం అడ్డొచ్చే ఇంటిని ఒప్పించడం సంస్థ పనే కాదు. కొద్దిపాటి ఇళ్లు చాలు. పట్నాల్లోనూ మండల కేంద్రాల్లోనూ ల్యాబ్రడార్‌ను సోఫా మీద కూర్చోబెట్టుకున్న ఇళ్లు ఇప్పటికే కనిపిస్తూనే ఉన్నాయి. ఇక నియమాల విషయానికొస్తే, వాటిని పాటించేవారే వాటికి దారులు వెతుకుతారు. ఇంగ్లండులోని లెస్టర్ నగరపు బిలాల్ జామియా మసీదు 2008లో ఒక చూపులేని యువకుడి కుక్కకు ప్రార్థన గది బయట విడిగా విశ్రాంతి చోటు కేటాయించి, లోపలికి రానిచ్చింది. పెంపకపు ఇంటికీ పనిలో ఉన్న కుక్కకూ ఒకే నియమం వర్తించదన్నది గుర్తుంచుకుంటూనే, కడప అంటే గోడ కాదని ఆ ఉదాహరణ చూపిస్తుంది.

ఖర్చు, తీరిక అన్న అభ్యంతరాన్ని త్వరగానే తేల్చవచ్చు. ఒక కుక్కను కూన దశ నుంచి పనిదాకా తేవడానికి అమెరికాలో యాభై వేల డాలర్ల వరకు అవుతుందంటారు, కానీ అది సంస్థ భారం, చందాలతో నడుస్తుంది. సీయింగ్ ఐ తొలిసారి కుక్కను తీసుకునేవారిని 150 డాలర్లే అడుగుతుంది. వైద్యం ఖర్చు సంస్థలే చూసుకుంటాయి, చాలాచోట్ల దాణా కూడా. కుటుంబం పెట్టేది కాలం. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి ఏటా వలస పోయే కూలీ కుటుంబాన్ని ఈ కాలం అడగడం అన్యాయం, అడగనే కూడదు. కానీ టీచర్ ఉద్యోగాల ఇళ్లు, పింఛనుదారుల ఇళ్లు, అవ్వాతాతలు ఇంటిపట్టున ఉండే ఇళ్లు ఉన్నాయి. కూనను రోజంతా ఒంటరిగా వదలకూడదన్న నియమం విదేశాల్లో ఉద్యోగస్థుల ఇళ్లకు పెద్ద సమస్య. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇల్లు మనకు ఇంకా పూర్తిగా పోలేదు.

ఇప్పుడు కడప దాటుదాం. కూనకు నాలుగో నెల వచ్చేలోగా లోకమంతా చూపించాలని ఒకవైపు శాస్త్రం అంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే దానికి టీకాలు పూర్తికావు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది, టీకా లేని వీధికుక్క విసర్జించిన చోట కూన మూతి పెడితే చాలు. రేబిస్ టీకా వేసేది సాధారణంగా మూడు నెలలకు. విదేశాల్లో ఈ ఇరకాటాన్ని కూనను చంకనెత్తుకుని బజారు తిప్పడం ద్వారా దాటేస్తారు, పెరట్లోనూ టీకాలు వేసిన కుక్కలున్న ఇళ్లలోనూ కింద వదులుతారు. అక్కడ అది కొన్ని వారాల ముచ్చట. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు, ప్రపంచ రేబిస్ మరణాల్లో 36 శాతం భారతదేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇలాంటి వీధిలో టీకాలు పూర్తయ్యాక కూడా కూనను కింద దించడానికి జంకాల్సిందే. ఎందుకంటే రెండో ప్రమాదం రోగం కాదు, గుంపు. ప్రతి సందుకూ తన కుక్కల మంద ఉంటుంది, పరాయి కుక్క అడుగుపెడితే మొరుగుతూ చుట్టుముడుతుంది. ఎదిగే వయసులో ఒక్కసారి గట్టిగా బెదిరిన కుక్క ఆ భయాన్ని మరిచిపోవడం కష్టం. అమెరికన్ కూనల మీద జేమ్స్ సెర్పెల్, డెబొరా డఫీ 2016లో వెలువరించిన పరిశీలనలోనూ, ఎదిగే నెలల్లో తగిలిన బెదురుకూ ఏడాది నిండాక కనిపించే భయానికీ సంబంధం తేలింది. రేపు ఆ కుక్కకు కట్టిన పట్టీ పిడి పట్టుకుని చూపులేని మనిషి నడుస్తున్నప్పుడు అది బెదిరి పక్కకు దూకితే పడేది మనిషి.

వీధికుక్కల మీద ప్రజల కోపానికి కారణాలున్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ణి కుక్కల గుంపు చంపింది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో దుండగులు దాదాపు ఇరవై కుక్కలను కాల్చి చంపారు. రెండు సంఘటనల్నీ ఒకే తక్కెడలో వేయలేం, కానీ రెండూ ఒకే వైఫల్యం నుంచి వచ్చాయి: కుక్కల సంఖ్యనూ టీకాలనూ క్రమంగా చూసుకునే యంత్రాంగం బలహీనంగా ఉండటం. పట్టి, కుటుంబ నియంత్రణ చేసి, టీకా వేసి, ఉన్నచోటనే వదలాలన్న విధానం 2001 నుంచి ఉంది, 2023 నిబంధనలు దాన్ని తిరగరాశాయి. కాల్చిపారేస్తే సమస్య తీరుతుందనుకునేవారు ఒకటి గమనించరు: ఖాళీ అయిన సందులోకి పక్క సందు కుక్కలు వస్తాయి, అవీ టీకా లేనివే. కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా అందితేనే రేబిస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసిపిల్లల ప్రాణానికీ, పెంపకపు కూన నడకకూ కావలసింది ఈ ఒకే పని. కుక్కలంటే గిట్టనివారు, కుక్కలను ప్రేమించేవారు ఇక్కడ వేరువేరు వాదనలు చేయాల్సిన అవసరం నాకు కనిపించదు.

వీధికి కుక్కలే కాదు, రూపం కూడా ఉంటుంది. దారి చూపే కుక్క నేర్చుకునే ఓనమాల్లో మొదటి అక్షరం ఫుట్‌పాత్ అంచు. అక్కడ ఆగాలి, మనిషి కాలితో తడిమి తెలుసుకుని ముందుకు అనాలి. మిర్యాలగూడలోనో వనపర్తిలోనో ఎన్ని వీధులకు ఆ అంచు ఉంది? ఉన్నచోట మోరీ మీది బండ ఊడి ఉంటుంది, లేదంటే బండి నిలిపి ఉంటుంది. అక్షరమే లేని చోట చదువు ఎలా అని అడగవచ్చు. దీనికి పూర్తి జవాబు లేకపోయినా సగం జవాబు ఉంది: ఫుట్‌పాత్ లేని పల్లె రోడ్ల మీద అంచు వెంటే నడిచే పద్ధతి బ్రిటన్ గ్రామాల్లో నేర్పుతారు. ఇక్కడి శిక్షణకు ఆ పద్ధతే మూలం కావాలి. ఎండ మరో సంగతి. నల్లగొండ వేసవి 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, అప్పుడు తారు మీద అరచేయి ఐదు సెకన్లు ఆనించలేం. ఒత్తుబొచ్చు ల్యాబ్రడార్ మధ్యాహ్నం నడవలేదు. ఏప్రిల్, మే నెలల్లో కూన పాఠాలు తెల్లవారుజామునా పొద్దుగూకాకా మాత్రమే సాగాలి, అంటే పెంపకానికి ఇక్కడ మరో రెండు నెలలు పట్టవచ్చు. బస్సు సంగతి చూస్తే నవ్వొస్తుంది. చూపులేని ప్రయాణికుడి వెంట దారి చూపే కుక్కను విమానం క్యాబిన్‌లోకి రానివ్వాలని డీజీసీఏ నిబంధనలు చెబుతున్నాయి. దేవరకొండ పోయే పల్లె వెలుగులో, అందులోనూ 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక కిక్కిరిసిన బస్సులో, ఇంకా శిక్షణ కూడా పూర్తికాని కూనతో ఒక అమ్మ ఎక్కితే కండక్టర్ ఏమనాలో అతనికి చెప్పినవారు లేరు. ఈ చిక్కు మనదొక్కరిదే కాదు: అమెరికాలోనూ వికలాంగుల జాతీయ చట్టం శిక్షణ పూర్తయిన కుక్కకే హక్కు ఇస్తుంది, నేర్చుకుంటున్న కూన హక్కులు ఒక్కో రాష్ట్రం చట్టాన్ని బట్టి ఉంటాయి. బస్సు ఎక్కకుండా పెరిగిన కూన మాత్రం పెద్దయ్యాక బస్సులో వణుకుతుంది.

భాష గురించి ఒక చిన్న మాట. జపాన్‌లో చాలా శిక్షణ కేంద్రాలు కుక్కలకు ఇంగ్లిషులో ఆజ్ఞలిస్తాయి. ఆడవారి మాటతీరు, మగవారి మాటతీరు, ప్రాంతాల యాసలు వేరువేరుగా ఉండటం వల్ల కుక్క తికమకపడకూడదని. మనవాళ్లు ఏ కారణమూ లేకుండానే కుక్కతో ఇంగ్లిషు మాట్లాడతారు. ఇంట్లో ఎవరితోనూ అనని "సిట్", "కమాన్" కుక్కతో అంటారు. ఆ అలవాటు ఈ ఒక్కచోట ఉపయోగపడవచ్చు: పెంచిన ఇంట్లో 'దా' అన్నదాన్ని తీసుకున్న మనిషి 'రా' అంటే చిక్కు రాదు.

ఇన్ని అడ్డాలున్నప్పుడు జంతువును ఈ పనికి పెట్టడమే న్యాయమా అన్నది చివరగా తూచాల్సిన అభ్యంతరం. వేడి, గుంపులు, చెత్త ఉన్న వీధిలోకి సిద్ధంకాని కుక్కను దింపడం క్రూరత్వమే. ఆ మేరకు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక మిగిలేది క్రమం గురించిన ప్రశ్న. పనికి కావలసిన ముక్కలు విడివిడిగా ఇప్పటికే హైదరాబాదు చుట్టూ ఉన్నాయి. మొయినాబాదులోని పోలీసు శిక్షణ అకాడమీలో కుక్కలకు నేర్పడం తెలిసినవారున్నారు, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, సికింద్రాబాదులో దృష్టిలోపం ఉన్నవారి జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పోలీసు కుక్కకు నేర్పడం వేరు, దీనికి నేర్పడం వేరన్నది నిజమే, కానీ ఇజ్రాయెల్‌లో కూడా 1991లో ఇప్పటి కేంద్రం రాకముందు చూపులేనివారు విదేశాలకు వెళ్లి కుక్కలను తెచ్చుకునేవారు. అక్కడ ఇప్పుడు విద్యార్థులూ కుటుంబాలూ కూనలను పెంచుతున్నారు. ఇక్కడ అలాంటి ప్రయత్నం జరిగితే తొలి కూనలు పెరిగేది బహుశా రెండు జాతీయ రహదారుల వెంట, హైదరాబాదుకు రెండు గంటల దూరంలోని ఊళ్లలో: 65 మీద చిట్యాల, నకిరేకల్, సూర్యాపేట, 44 మీద షాద్‌నగర్, జడ్చర్ల. ఆ ఊళ్లలో ఇళ్లను వెతకడం కష్టం కాదు. ముందు ఒక్కో పట్టణంలో ఒకటో రెండో వార్డుల్లో కుక్కలన్నిటికీ టీకా, నియంత్రణ పూర్తిచేసి, ఏడాదిపాటు లెక్క నిలబడిందో లేదో చూడాలి. ఆర్టీసీ డిపో నుంచి ఒక లిఖిత ఆదేశం తెచ్చుకోవాలి. చూపులేనివారికి తెల్లకర్ర నడక నేర్పే శిక్షకుణ్ణి జిల్లాలోనే ఉంచాలి. కూనను తెచ్చేది ఆ తర్వాతే, అదీ కార్తీకం దాటాక, చలికాలంలో, ఎండ ముదిరేలోగా దానికి బజారు పరిచయమయ్యేటట్టు.